రసీదంటే గవాహీ

పోయిన జుమ్మా రోజు నమాజ్ అయ్యాక బూట్లు తొడుక్కుంటుంటే ఒక తమ్ముడు పక్కన కూర్చుని సలాం చేశాడు. "భాయ్, పోయిన డిసెంబర్‌లో మీరు పాత కారు చారిటీకి ఇచ్చారంట గదా! ట్యాక్స్ ఎంత తగ్గింది?" అని అడిగాడు.

"సున్నా" అన్నాను.

మజాక్ చేస్తున్నాననుకుని నవ్వాడు. పార్కింగ్‌లో నిలబడి అరగంట చెప్పినా ఆ కథ పూర్తి కాలేదు. ఇక్కడ రాస్తే ఆ తమ్ముడికే కాదు, ఈ నెలలో అదే ఆలోచనలో ఉన్న మిగతా ఇళ్ళకి కూడా పనికొస్తుందని కూర్చున్నా.

ఇక్కడ డల్లాస్ వైపు డిసెంబర్ వచ్చిందంటే రేడియోలో ఒకటే మాట. మీ పాత కారు మాకివ్వండి, నడవకపోయినా ఫర్వాలేదు, మేమే వచ్చి తీసుకుపోతాం, మీకు ట్యాక్స్ మినహాయింపు దొరుకుతుంది అని. సవాబుకి సవాబు, పైసలకి పైసలు. ఎవరికి చేదు?

మా బండి 2005 మోడల్ కొరోల్లా. ఇండియాకి వాపసు వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దగ్గర 2010లో కొన్నాం. మా బేగం డ్రైవింగ్ నేర్చుకున్నది దానిలోనే. మా పిల్లలిద్దరూ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది దానిలోనే. 2013లో అబ్బా, అమ్మీ ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఐదు నెలలున్నారు. అబ్బాకి మోకాళ్ళ నొప్పులు. ముందు సీటుని మొత్తం వెనక్కి జరిపితేగానీ కాళ్ళు చాపుకోలేడు. ప్రతి జుమ్మాకీ ఆ సీటులో కూర్చుని, మస్జిద్ వచ్చేదాకా దరూద్ చదువుకుంటూ ఉండేవాడు. ఆయన వెళ్ళాక ఆ సీటు ముందుకి జరపలేదు. మొదట్లో బద్ధకం. 2019లో ఆయన ఇంతిఖాల్ అయ్యాక మాత్రం బద్ధకం కాదు.

ఆ రాత్రి నన్ను ఎయిర్‌పోర్టులో దించింది కూడా ఆ బండే. నేను ప్రొద్దుటూరు చేరేసరికి జనాజా అయిపోయింది.

2024 వచ్చేసరికి మీటరు 1,92,000 మైళ్ళు దాటింది. గేరు మారేటప్పుడు బండి గుంజేది. వేరే కారు కొనుక్కున్నాం. ఇది ఇంటి ముందు ఎండకి ఎండి, వానకి తడుస్తూ ఉండేది. దానికి ఇన్సూరెన్సు కడుతున్నా. ఒక రోజు మా బేగం, "ఏజీ, సునో. అది ఇట్లా పడుంటే ఎవరికి ఫాయిదా? 31 లోపల ఇచ్చేద్దాం, ట్యాక్స్‌లో కూడా కొంత కలిసొస్తుంది" అంది. సరే అని ఆ రాత్రి ఇషా తర్వాత హిసాబ్ వేయడానికి కూర్చున్నా.

అమెరికాలో ట్యాక్స్ కట్టేవాడికి రెండు దారులుంటాయి. ఒకటి స్టాండర్డ్ డిడక్షన్. ఏమీ చూపించకుండానే ఆదాయంలో ఇంత మొత్తం వదిలేస్తారు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2024కి అది 29,200 డాలర్లు. రెండోది ఐటమైజ్ చేయడం. ఇంటి అప్పు మీద వడ్డీ, ఆస్తి పన్ను, దానధర్మాలు అన్నీ ఒక్కొక్కటిగా రాసి కూడుకోవడం. రెండిట్లో ఏది పెద్దదైతే అది తీసుకుంటాం. కారు దానం ఈ రెండో దారిలోనే లెక్కకొస్తుంది.

మా కూడిక ఇది. ఇంటి వడ్డీ 14,100. ఆస్తి పన్ను 8,600. మస్జిద్‌కీ, ఇక్కడ రిజిస్టరైన సంస్థల ద్వారా ఇచ్చిన జకాత్‌కీ, ఇతర సదఖాలకీ కలిపి 4,800. మొత్తం 27,500. స్టాండర్డ్ కంటే 1,700 తక్కువ. అంటే కారు విలువలో మొదటి 1,700 డాలర్లు నాకు ఎందుకూ పనికిరావు. దాని పైన ఏమన్నా ఉంటేనే ట్యాక్స్ తగ్గేది. 2017 దాకా ఈ స్టాండర్డ్ 12,700 మాత్రమే ఉండేది. అప్పట్లో మామూలు కుటుంబాలకి కూడా దానం రసీదులు పనికొచ్చేవి. 2018లో దాన్ని ఒక్కసారే 24,000 చేశాక చాలా ఇళ్ళల్లో ఆ రసీదులకి విలువ లేకుండా పోయింది. రేడియో ప్రకటన మాత్రం మారలేదు.

సరే, మా కారు విలువ ఎంత? ఇంటర్నెట్‌లో చూస్తే ఆ మోడల్ బాగా నడిచేదైతే 3,500 దాకా చూపిస్తోంది. కానీ అది రాసుకోవడానికి లేదు. ఒకప్పుడు ఉండేది. జనం తమకి తోచిన విలువ రాసుకునేవాళ్ళు. దాతలు రాసుకున్నదానికీ, సంస్థలకి నిజంగా అందినదానికీ చాలా తేడా ఉందని 2003లో అమెరికా కాంగ్రెస్ ఆడిట్ కార్యాలయం రిపోర్టు ఇచ్చింది. మరుసటి సంవత్సరం చట్టం మార్చారు. 2005 నుంచి రూలు ఏమిటంటే, 500 డాలర్ల కంటే ఎక్కువ చూపించుకోవాలంటే, ఆ సంస్థ కారుని వేలంలో ఎంతకి అమ్మిందో అంతవరకే. 500కో, అంతకంటే తక్కువకో అమ్ముడైతే, బండి మార్కెట్ విలువ, 500, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. సంస్థ ఆ బండిని అమ్మకుండా తన పనికే గట్టిగా వాడుకున్నా, పెద్ద రిపేర్లు చేయించి విలువ పెంచినా, పేదవాడికి ఉత్తినే గానీ చాలా తక్కువ ధరకి గానీ ఇచ్చినా అప్పుడు మార్కెట్ విలువ రాసుకోవచ్చు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నా ఇమ్తెహాన్ అక్కడే వచ్చింది.

హిసాబ్ అయ్యాక బేగం, "ట్యాక్స్ రాకపోతే మానె. మన గుంటూరు పిల్లోడికి ఇచ్చేద్దాం" అంది. ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కుర్రాడు. కాలేజీకి రెండు బస్సులు మారతాడు, రాత్రి పని నుంచి వచ్చేటప్పుడు బస్సే ఉండదు. మనిషికి నేరుగా ఇస్తే ట్యాక్స్‌లో పైసా కూడా లెక్కకి రాదు. అయినా మనసుకి అదే బాగనిపించింది. ఇచ్చే ముందు ఒకసారి చూపిద్దామని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళా. గేర్‌బాక్స్ పోతోంది, బాగు చేయాలంటే 2,800 అవుతుంది, ఇట్లాగే నడిపితే ఒక రోజు హైవే మీద ఆగిపోతుంది అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మీకి ఫోన్ చేసి చెప్పా. మా ఇంట్లో ఈద్ ముందు పాత బట్టలు ఇచ్చే రివాజు ఉండేది. అమ్మీ ఒక్కో చొక్కా తీసి గుండీలు చూసేది. ఊడిపోతే కుట్టేది. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చేది. బాగు చేయడానికి వీల్లేనిదాన్ని ఇల్లు తుడిచే గుడ్డకి పెట్టుకునేదిగానీ ఇంకొకరి చేతిలో పెట్టేది కాదు. నువ్వు కళ్ళు మూసుకోకుండా తీసుకోలేని వస్తువుని ఇంకొకరికి ఇవ్వొద్దని మన దీన్ చెప్పేదీ అదే గదా. అమ్మీ అంతా విని, "గరీబు పిల్లాడికి 2,800 డాలర్ల ఖర్చు తోఫా ఇస్తావా బేటా?" అంది. గుంటూరు పిల్లోడికి ఆ బండి ఇవ్వలేదు. బాగు చేయించి ఇచ్చే తాహత్ ఆ నెల నాకు లేదు. ఉంటే ఇచ్చేవాణ్ణి అని ఇప్పుడు అనడం సులువు. అప్పుడు మాత్రం లేదు.

పాత కార్లు బాగు చేసి, అవసరమైన కుటుంబాలకి ఇచ్చే సంస్థ ఒకటి ఉందని తెలిసి ఫోన్ చేశా. గేర్‌బాక్స్ సంగతి చెప్పగానే, అట్లాంటివి తీసుకోలేమని మర్యాదగా చెప్పారు. ఇక మిగిలింది వేలం దారే.

అప్పుడే ఒక దోస్తు ఇంటికొచ్చాడు. చాయ్ తాగుతూ ఈ సంగతంతా విన్నాడు. "ఇంత పరేషానీ ఎందుకు భాయ్? నాకు తెలిసిన ఒకాయన చిన్న ట్రస్టు నడుపుతాడు. బండి పేదవాళ్ళకి ఇచ్చామని కాగితం రాసిస్తాడు. నువ్వు 3,500 వేసుకో. ఎవడు అడుగుతాడు?" అన్నాడు.

ఆయన వెళ్ళాక మళ్ళీ హిసాబ్ వేశా. వేయలేదంటే అబద్ధం. 27,500కి 3,500 కలిపితే 31,000. స్టాండర్డ్ కంటే 1,800 ఎక్కువ. మాకు వర్తించే 22 శాతం చొప్పున 396 డాలర్లు. మన రూపాయల్లో 33 వేల పైచిలుకు.

33 వేలంటే మా ఫుప్పూకి ఎన్నో నెలల మందులు. ఫుప్పూకి నేను నెలనెలా పంపే డబ్బు ఏ ట్యాక్స్ ఫారంలోనూ ఎక్కదు. అమెరికా చట్టానికి నా ఫుప్పూ చారిటీ కాదు. దగ్గరి బంధువుకి ఇస్తే సదఖా సవాబూ, రిష్తా నిలబెట్టిన సవాబూ రెండూ దొరుకుతాయని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం. ఇక్కడి ఫారంలో దానికి గడి లేదు. అటువైపు లెక్కలోకి రానిదాన్ని ఇటువైపు కొంచెం సర్దుకుంటే తప్పేంటి? ఆ 396 నేను తినబోవడం లేదు గదా, ఫుప్పూకే పంపుతా గదా! రాత్రి పన్నెండింటికి నఫ్స్ మనిషితో ఇట్లాగే మాట్లాడుతుంది. చాలా తెలివిగా మాట్లాడుతుంది.

అబ్బా పగలు బట్టల కొట్టులో గుమాస్తా. ఇషా అయ్యాక మా వీధి మస్జిద్ చందా పుస్తకం రాసేవాడు. ఒక సంవత్సరం వజూ చేసుకునే హౌజ్ పగిలి, రిపేరుకి చందాలు వసూలు చేస్తున్నారు. నాకు పదేళ్ళుంటాయి, పక్కన కూర్చుని రసీదులు చింపి ఇస్తున్నా. పత్తి వ్యాపారం చేసే ఒక సేఠ్ వచ్చి 100 రూపాయలిచ్చి, "500 రాయండి. నా పేరు చూసి మిగతావాళ్ళు కూడా 500 ఇస్తారు. మస్జిద్‌కే ఫాయిదా" అన్నాడు. అబ్బా కలం ఆపి, "సేఠ్, ఇంకో 400 ఇవ్వండి, 500 రాస్తా. లేకపోతే 100 రాస్తా" అన్నాడు. సేఠ్ మొహం ఎర్రబడింది. ఆ 100 కూడా వెనక్కి తీసుకుని లేచిపోయాడు. కమిటీవాళ్ళు అబ్బాని ఆ రాత్రి మాటలన్నారు. చేతికొచ్చిన చందా పోగొట్టావన్నారు. ఆయన ఖామోష్‌గా విన్నాడు. ఇంటికి నడుస్తుంటే నాతో ఒక్క మాట అన్నాడు. "రసీద్ బోలేతో గవాహీ హై బేటా."

రసీదంటే గవాహీ, సాక్ష్యం. నేను చూశాను, ఇంత అందింది అని అల్లాహ్ ముందూ, మనుషుల ముందూ చెప్పడం. నియ్యత్ మంచిదైనంత మాత్రాన ఝూఠీ గవాహీ నిజం కాదు.

అమెరికా ట్యాక్స్ ఫారం కింద సంతకం పెట్టే చోట కూడా ఇదే మాట ఉంటుంది. నేను చెప్పినవన్నీ నిజమని ప్రకటిస్తున్నా, అబద్ధమైతే తప్పుడు సాక్ష్యం నేరానికి శిక్ష పడుతుందని నాకు తెలుసు అని. ఎన్నో ఏళ్ళుగా చదవకుండా సంతకం పెడుతున్నా. ఆ రాత్రి తెరిచి చదివా. అబ్బాకి ఇంగ్లిష్ రాదు. కానీ ఆ లైను ఆయనకి తెలుసు.

పొద్దున దోస్తుకి ఫోన్ చేసి వద్దన్నాను. "నీ ఇష్టం భాయ్" అన్నాడు. కొంచెం నొచ్చుకున్నాడని తెలిసింది. ఇప్పటికీ కలుస్తాం, ఆ సంగతి మాత్రం ఎత్తం.

ఆకలిగా ఉన్నవాళ్ళకి భోజనం పెట్టే ఒక సంస్థని ఎంచుకున్నాం. దానాలు తీసుకోవడానికి అర్హత ఉందో లేదో ఐ.ఆర్.ఎస్. వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకున్నా. ఫోన్‌లో అడిగా, అమ్మిన దానిలో మీకెంత మిగులుతుందని. మధ్యలో కారు తీసుకెళ్ళి వేలం వేసే కంపెనీ తన వాటా తీసుకుంటుందని దాచకుండా చెప్పారు. మీరూ అడగండి, సిగ్గుపడొద్దు. ఇంకొక సంగతి, నియ్యత్ గురించి. సొంతానికి వాడుకునే కారు మీద జకాత్ లేదు. ఈ కారు దానాన్ని కూడా నేను జకాత్ లెక్కలో వేసుకోలేదు. మామూలు సదఖా అనుకునే ఇచ్చా. మీకు ఇందులో షుబా ఉంటే మీ ఆలిమ్‌ని అడగండి.

డిసెంబర్ 28, శనివారం వస్తామన్నారు. శుక్రవారం రాత్రి అమ్మీ ఫోన్ చేసి, "ధోకో దేరా క్యా బేటా?" అంది. కడిగి ఇస్తున్నావా అని. వేలంలో ఎవరో తుక్కు కోసం కొంటారు, ఎవరు చూస్తారు అమ్మీ అన్నా. అవతల ఖామోషీ. పొద్దున ఫజర్ అయ్యాక చలిలో బకెట్టు పట్టుకుని కడిగా. పిల్లలు లోపల దుమ్ము దులిపారు. టోల్ ట్యాగ్ పీకేశాం. నంబరు ప్లేట్లు విప్పేశాం. టైటిల్ కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఇద్దరం సంతకాలు పెట్టాం. మా పాప ముందు సీటు దులుపుతూ, అది కూడా సరిచేయాలా అని అడిగింది. ఉండనీ అన్నాను.

టోయింగ్ లారీ మనిషి వచ్చి కారు చుట్టూ తిరిగి చూసి, "అమ్ముకోవచ్చు గదా, ఇంత నీటుగా ఉంది!" అన్నాడు. పిల్లలు చెయ్యి ఊపారు. బేగం లోపలికి వెళ్ళిపోయింది. నేను మలుపు దాకా చూసి, వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, బండి చేతులు మారిందని టెక్సాస్ మోటార్ వాహనాల శాఖకి ఆన్‌లైన్‌లో తెలియజేశా. ఇది చేయకపోతే రేపు ఆ బండి మీద పడే టోల్ బిల్లులు, చలానాలు మన పేరునే రావచ్చు. 30 రోజుల్లోపు చేయాలి. తర్వాత ఇన్సూరెన్సు ఆపేశా.

ఫిబ్రవరిలో 1098-సి అనే కాగితం వచ్చింది. బండి నంబరు, ఇచ్చిన తేదీ, జనవరిలో అమ్మిన తేదీ, అమ్మిన ధర 725 డాలర్లు. అమ్మకం జనవరిలో జరిగినా, బండి చేతులు మారింది డిసెంబర్‌లో కాబట్టి 2024 లెక్కలోకే వస్తుంది. ఖర్చులు తీయకముందు ధరే అందులో ఉంటుంది. సంస్థకి చేరింది అంతకంటే తక్కువ. 27,500కి 725 కలిపితే 28,225. స్టాండర్డ్ 29,200. ట్యాక్స్‌లో తగ్గింది సున్నా.

బేగం ఆ కాగితం చూసి, "ఎన్ని పూటల భోజనాలైతాయో" అంది. అంతే. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది.

ట్యాక్స్ మినహాయింపు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. హక్కుగా వచ్చేది తీసుకోండి, అది హలాలే. మీ కూడిక స్టాండర్డ్ దాటితే తప్పకుండా రాసుకోండి. 2025కి ఆ అంకె 31,500 అయింది, చూసుకోండి. చూపించుకునేది 500 దాటితే 1098-సి లేకుండా ఫైల్ చేయొద్దు, 8283 అనే ఫారం కూడా జత చేయాలి. 2026 నుంచి స్టాండర్డ్ తీసుకునేవాళ్ళకి కూడా దానాల మీద కొంత మినహాయింపు వస్తుంది. భార్యాభర్తలకి 2,000 దాకా. కానీ అది నగదు రూపంలో ఇచ్చినదానికే, కారుకి కాదు. అందుకే బాగా నడిచే బండి అయితే మీరే అమ్మి, ఆ డబ్బు ఇవ్వడం మేలు. మధ్యవాళ్ళకి పోయే వాటా కూడా పేదవాడికే చేరుతుంది.

గుంటూరు పిల్లోడికి ఆదివారాలు సామాన్లు తేవడానికి నేనే తీసుకెళ్తున్నా. పోయిన నెల సొంతంగా ఒక కారు కొనుక్కున్నాడు. మొదట మా ఇంటికే తెచ్చి చూపించాడు, మాషా అల్లాహ్.

ఆ జుమ్మా రోజు తమ్ముడు అంతా విని, "అయితే భాయ్, ముందు ఇంటికెళ్ళి హిసాబ్ వేస్తా" అన్నాడు.

"వెయ్యి" అన్నా. "ఎట్లా తేలినా, ఇచ్చే ముందు మాత్రం కడుగు."